చర్చిలో సైరన్, మైకు దగ్గర ఫ్యూజు

"అమ్మాయ్, మైకు మింగేస్తావా ఏంటి? కాస్త వెనక్కి జరుగు."

అతను ఆమెతో అన్న మొదటి మాట అది.

"జరగను. కావాలంటే నీ డబ్బా నువ్వే జరుపుకో."

ఆమె అతనికిచ్చిన మొదటి జవాబు ఇది.

అని ఊరుకుందా? పాట ఎత్తుకుంది. మొదటి కేకకే స్పీకరు గుర్రుమంది, ఠప్పుమంది, నోరు మూసుకుంది. చర్చిలో లైట్లన్నీ ఆరిపోయాయి.

"ఫ్యూజు పోయింది!" అని అతను నెత్తి కొట్టుకున్నాడు.

"సైరన్ మోగాక ఫ్యూజు ఉంటుందా మరి!" అని వెనక బెంచీలోంచి ఎవరో అరిచారు. చర్చంతా పగలబడి నవ్వింది. పాస్టరుగారు కూడా నవ్వారు, చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆ సాయంత్రం నుంచి ఆమె సైరన్, అతను ఫ్యూజు. కన్నవాళ్ళు పెట్టిన పేర్లు ఇద్దరికీ ఉన్నాయి. ఊళ్ళో ఎవడికి గుర్తున్నాయి?

సైరన్ కలప డిపోలో కేకలమ్మాయి. దుంగలకి తాడు కట్టి లాగే ముఠా ముందు నిలబడి ఆమె కేక వేస్తుంది. ముఠా మొత్తం జవాబు అందుకుంటుంది. ఆ జవాబు మీదే తాడు కదులుతుంది. కేక వేశాక జవాబు రాకపోతే సగంమంది లాగుతారు, సగంమంది ఆగుతారు, దుంగ వెనక్కి దొర్లి కాళ్ళ మీదికొస్తుంది. అందుకే డిపోలో తాగుబోతుని క్షమిస్తారు, బద్ధకస్తుణ్ణి క్షమిస్తారు, కేకని గాలికి వదిలేసినవాణ్ణి మాత్రం క్షమించరు. వాడి పక్కన కూర్చుని అన్నం కూడా తినరు.

ఈ కేక పాటలు విన్నాకే పాస్టరుగారికి ఒక ఆలోచన వచ్చింది. ఆదివారం సాయంత్రాలు చర్చి ఖాళీగానే ఉంటుంది కదా, జనం పాటలు జనానికే వినిపిద్దాం, టిక్కెట్టు లేదు, ఎవరైనా రావచ్చు అన్నారు. మంచి ఆలోచనే. మైకులు, స్పీకర్లు మాత్రం డిపో ఓనరు ఇచ్చాడు. ప్రతి స్పీకరు డబ్బా మీదా తన పేరు రాయించుకున్నాడు. గోడ మీదున్న దేవుడి వాక్యం కంటే ఆ అక్షరాలే పెద్దవి. ఉచితంగా ఇచ్చేవాడి సంగతి ఎప్పుడూ ఇంతే. ఇచ్చిన చేతిని మనం రోజూ చూస్తూ ఉండాలి.

ఫ్యూజు ఊళ్ళో ఎలక్ట్రీషియన్. ఇళ్ళకి వైరింగు చేస్తాడు, ఆదివారాలు చర్చిలో మైకు సెట్టు చూస్తాడు. పాటలంటే పిచ్చి. సైరన్ వచ్చాక పిచ్చి ముదిరింది.

"మైకు ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో నాకెలా తెలుస్తుంది?" అని ఆమె ఒకసారి విసుక్కుంది. "గొంతు చించుకున్నాక తెలుస్తోంది ఆఫ్‌లో ఉందని."

మరుసటి ఆదివారానికి మైకు స్టాండు మీద చిన్న ఎర్ర బల్బు వెలుగుతోంది.

"ఇదేంటి?"

"ఇది వెలుగుతుంటే నీ గొంతు లైన్లో ఉన్నట్టు. ఆరితే లేనట్టు."

"ఇంకెవరికైనా పెట్టావా ఇలాంటిది?"

"ఇంకెవరూ అడగలేదు."

"అడిగితే పెడతావా?"

"అడగనీ చూద్దాం."

ఆమె బల్బుని చూసింది. తర్వాత అతన్ని చూసింది. బల్బుని చూసినంత సేపు చూడలేదుగానీ, చూపు మాత్రం కాల్చింది.

ఒక సాయంత్రం పాటలు అయ్యేసరికి కుండపోత వాన. ఫ్యూజు తన దగ్గరున్న ఒకే ఒక్క ప్లాస్టిక్ పట్టా తీసి మెట్ల పక్కన బయటపెట్టిన స్పీకరుకి చుడుతున్నాడు.

"ఓ మహానుభావా, ఇక్కడ ఒక మనిషి తడుస్తోంది," అంది సైరన్ మెట్ల మీద నుంచి.

"నువ్వు తడిస్తే ఆరతావు. స్పీకరు తడిస్తే చస్తుంది."

"అయితే దాన్నే చేసుకో పెళ్ళి."

ఫ్యూజు చెయ్యి ఆగిపోయింది. పట్టా సగం స్పీకరు మీద ఉంచి, సగం ఆమె వైపు చాపాడు. స్పీకరుకి అటు అతను, ఇటు ఆమె, నెత్తి మీద ఒకే పట్టా. దాని మీద టపటపమని వాన.

"పెళ్ళి మాట నువ్వే ఎత్తావు," అన్నాడు.

"ఎత్తాను. అయితే?"

"నీకు నేనంటే..."

"మైకులో అడుగు. వినిపించట్లేదు."

"నీకు నేనంటే ఇష్టమేనా?" అని అరిచాడు. రోడ్డు మీద సైకిలు మీద పోతున్న పోస్టుమాను బ్రేకు వేసి మరీ చూశాడు.

సైరన్ మొదటిసారి చిన్నగా మాట్లాడింది. "అరవకు. ఇష్టమే."

ఆమె నాన్న తాళ్ళు పేనే మనిషి. విన్నాడు, పేనుతూనే తలూపాడు. చిక్కు ఫ్యూజు వాళ్ళ అమ్మ దగ్గర వచ్చింది. ఆవిడ కుట్టుమిషను తొక్కుతూ, దారం తెంపినట్టు మాట తెంపేసింది.

"ఆ గొంతా మనింటికి? అది గుసగుసలాడినా పక్కింట్లో వంట మాడిపోతుంది. నాకొద్దురా నాయనా."

"మంచి పిల్లమ్మా."

"కాదన్నానా? కాస్త అణకువ ఉండాలిగా ఆడపిల్లకి."

అణకువ! ఈ మాట కనిపెట్టినవాడెవడోగానీ వాడు జన్మలో తాడు లాగి ఉండడు.

సైరన్‌కి ఒక అన్న ఉండేవాడు. తాడుకి ముందు పట్టు అతనిదే. దుంగకి వేసే గొలుసు అరిగిపోయిందని ఓనరుకి చెప్పాడు, మళ్ళీ చెప్పాడు. గొలుసు మార్చలేదు. అది తెగింది, దుంగ దొర్లింది, అతను దాని కింద పోయాడు. ఓనరు పోలీసులకి ఒకే మాట చెప్పాడు: తాగి పనిలోకొచ్చాడు. అంతే, కాగితాల్లో అదే నిజమైపోయింది. ఆ మనిషి జీవితంలో చుక్క ముట్టలేదు.

సైరన్ దాని మీద ఒక చరణం కట్టింది. దుంగలు లాగేటప్పుడు, ఓనరు లేనప్పుడు పాడుకుంటారు. ఆమె కేక వేస్తుంది:

"గొలుసు అరిగిన మాట ఎవరికెరుక?"

ముఠా అందుకుంటుంది: "మాకెరుక, మాకెరుక!"

"అన్న తాగని మాట ఎవరికెరుక?"

"మాకెరుక, మాకెరుక!"

చర్చిలో మాత్రం ఆ చరణం ఎప్పుడూ పాడలేదు.

"ఎందుకు పాడవు?" అని ఫ్యూజు అడిగాడు.

"ఈ ఊళ్ళో అందరికీ తెలిసిందే, ఈ ఊళ్ళోవాళ్ళకే చెప్పి ఏం లాభం? దూరంగా ఉన్నవాళ్ళు వినాలి. మా అన్న తాగుబోతు కాదని, వాణ్ణి ఎరగనివాళ్ళకి కూడా తెలియాలి."

ఆ మాట పట్టుకుని ఫ్యూజు రేడియో స్టేషను చుట్టూ తిరిగాడు. గేటు దగ్గర కూర్చున్నాడు. వాళ్ళ ఆఫీసులో ఆగిపోయిన ఫ్యాను ఊరికే బాగుచేసి పెట్టాడు. చివరికి ఒప్పించాడు. ఒకే ఒక్క ఆదివారం వస్తాం, రికార్డు చేస్తాం, ఊరూరా వినిపిస్తాం అన్నారు.

సైరన్ ఆ మాట విని డిపో గేటు దగ్గరే అతని రెండు చేతులూ పట్టుకుంది. "ఆ రోజు పాడతాను. మైకు బాగా పెట్టు."

"ప్రాణం పెడతాను."

"ప్రాణం నీ దగ్గరే ఉంచుకో. మైకు పెట్టు చాలు."

ఆ ఆదివారం చర్చి కిటకిటలాడింది. రేడియోవాళ్ళు వచ్చి, తమ మిషను వైరుని ఫ్యూజు ముందున్న మైకు బోర్డులోనే గుచ్చారు. అతని బోర్డులోంచి వెళ్ళిందే రికార్డవుతుంది. పాటలు మొదలు కాబోతుండగా ఓనరు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. వెనకే పాస్టరుగారు, నేల చూపులు చూస్తూ.

"పాటలంటే నాకు ప్రాణం బాబూ," అన్నాడు ఓనరు. "ఏడుపులే పడవు. రేడియోలో మన ఊరు నవ్వుతూ వినపడాలి. ఆ పిల్ల ఏదో గొలుసు పాట ఎత్తుతుందని విన్నాను."

"పాట ఆమె ఇష్టమండీ."

"అవును, పాట ఆమె ఇష్టం. సౌండు పెంచి తగ్గించే ఆ నాబు మాత్రం నీ చేతిలో ఉంది. ఇష్టం లేదంటావా, చెప్పు. రేపు పొద్దున ఈ సామాను లారీ ఎక్కుతుంది. డిపోలోకి కొత్త ముఠా దిగుతుంది. ముసలి నాన్నని వెంటేసుకుని ఆ పిల్ల ఎక్కడికి పోతుందో నువ్వే చూసుకో."

ఓనరు ముందు వరసలోకి వెళ్ళి కూర్చున్నాడు.

"బాబూ," అన్నారు పాస్టరుగారు, "ఈ తలుపులు మూతపడితే మళ్ళీ తెరవలేం." మంచి మనిషే. మంచివాళ్ళు భయపడినంతగా చెడ్డవాళ్ళు ఎప్పుడూ భయపడరు, అదే వచ్చిన తంటా.

అప్పుడు ఫ్యూజు చేయాల్సింది ఒకటే. పక్క గదిలో కూర్చున్న సైరన్ దగ్గరికెళ్ళి జరిగింది చెప్పడం. పాడాలో మానాలో ఆమె తేల్చుకునేది. అన్న ఆమెకి అన్న. పని ఆమె పని. చెప్పలేదు. ప్రేమించినవాళ్ళకి పట్టే జబ్బు ఇది: కష్టం తెలియనివ్వకుండా చూసుకుంటున్నామనుకుని, అవతలి మనిషి బతుకు మనమే తేల్చేస్తాం.

ఒక్క చరణమేగా, అనుకున్నాడు. ఆ కాసేపూ తగ్గించి మళ్ళీ పెంచుదాం అనుకున్నాడు. ఆ గొంతుకి మైకు ఉన్నా లేకపోయినా ఒకటే, చర్చికి వినపడుతుంది, రేడియోకి మాత్రం పోదు. గొడవ తర్వాత సర్దుకుంటుంది. ఆమెకి అసలు తెలియకపోవచ్చు.

సైరన్ వచ్చింది. పాడింది. చర్చి ఊగిపోయింది. వెనక బెంచీల్లోంచి ముఠా జవాబులు పైకప్పుని లేపాయి. రేడియో మనిషి తలాడిస్తున్నాడు. అప్పుడామె ఒక్క క్షణం ఆగి, ఊపిరి పీల్చుకుని, ఎత్తుకుంది.

"గొలుసు అరిగిన మాట..."

ఫ్యూజు నాబు తిప్పాడు.

ఎర్ర బల్బు ఆరిపోయింది.

ఎంత తెలివైనవాడు! తన చేత్తో తను పెట్టిన బల్బునే మర్చిపోయాడు.

"...ఎవరికెరుక?" అని ఆమె కేక పూర్తయింది. చర్చి అంతా విన్నది. కానీ బల్బు ఆరడం కూడా చర్చి అంతా చూసింది. ముఠా అర్థం చేసుకున్నది ఒకటే: ఆపేయమని పైనుంచి మాటొచ్చింది. ముందు వరసలో ఓనరు మెల్లగా మెడ తిప్పి వెనక్కి చూశాడు. ఒక్కొక్క ముఖమే చూశాడు.

ఒక్క గొంతూ లేవలేదు.

సైరన్ మళ్ళీ అడిగింది. ఈసారి అది పాట కాదు. "ఎవరికెరుక?"

ఆమె చూపు బెంచీలన్నీ దాటుకుని బోర్డు దగ్గర ఆగింది. ఆ జవాబు ఫ్యూజుకి నిద్రలో లేపి అడిగినా వచ్చు. రెండు పెదవులు విప్పితే చాలు. అతను తల వంచుకుని, ఏ వైరూ ఊడకపోయినా ఒక వైరు నొక్కుతూ కూర్చున్నాడు.

ఆమె మైకుని జాగ్రత్తగా స్టాండులో పెట్టింది. మెట్లు దిగింది. జనం మధ్యలోంచి ఎవరి మీదా పడకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. తర్వాత ఎవరో పెళ్ళిపాట ఎత్తుకున్నారు. చప్పట్లు కొట్టారు.

రెండు రోజులకి ఫ్యూజు వాళ్ళ అమ్మ కుట్టుమిషను ఆపి, ముఖం వెలిగించుకుని చెప్పింది. "ఒరేయ్, ఆ పిల్లని చేసుకో. నాకిష్టమే."

అతను తెల్లబోయాడు. "ఏమైందమ్మా?"

"మొన్న చర్చిలో చూశాగా. మైకు ఆగిందని గొడవ చేసిందా? తల దించుకుని ఎంత మర్యాదగా వెళ్ళిపోయింది! అంత అణకువ ఉందనుకోలేదురా. వెళ్ళి మాట్లాడుకో."

ఎన్నాళ్ళుగానో ఆ ఒప్పుదల కోసం కాళ్ళా వేళ్ళా పడ్డ కొడుకు, అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు.

పాటలు రేడియోలో వచ్చిన సాయంత్రమే అతను సైరన్ ఇంటికి వెళ్ళాడు. కావాలని ఆ వేళకి వెళ్ళలేదు. గుమ్మం దగ్గరికి చేరేసరికి లోపల ఆమె గొంతే మోగుతోంది, పెట్టెలోంచి. నాన్న తాళ్ళ మధ్య, ఆమె గోడకి ఆనుకుని కూర్చుని వింటున్నారు. పాట అయింది. ఆ చరణం చోట ఏమీ లేదు. అతుకు కూడా తెలియలేదు.

"కష్టం తెలియని కష్టజీవుల ఉల్లాస గీతం విన్నారు," అన్నాడు రేడియోవాడు తియ్యగా.

నాన్న చెయ్యి చాపి రేడియో కట్టేశాడు.

"నేనే తిప్పాను," అన్నాడు ఫ్యూజు గుమ్మంలో నిలబడే.

"తెలుసు. నాబు ఇంకెవరి చేతిలో ఉంది?"

"ఓనరు బెదిరించాడు. ముఠానంతా తీసేస్తానన్నాడు. నిన్ను కాపాడదామని..."

"నన్నా!" ఆమె నవ్వింది. ఆ నవ్వు వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది, కళ్ళు కూడా మండుతాయి. "తీసేస్తానన్నాడని నాకు చెప్పలేకపోయావా? పక్క గదిలోనే ఉన్నానుగా. చెప్తే మానేసేదాన్నేమో. పాడి పని పోగొట్టుకునేదాన్నేమో. ఏదో ఒకటి నేను చేసేదాన్ని. ఇప్పుడేం చేశాను? ఏమీ చేయలేదు. నిలబడి అడిగాను, అంతే. మా అన్న తాగలేదని ఎవరికి తెలుసు అని అడిగితే, నువ్వు వైరు పట్టుకుని కూర్చున్నావు."

"మళ్ళీ పాడు. ఈసారి ఏమైనా సరే, ఒట్టు, ఆపను."

"రేడియోవాళ్ళు మళ్ళీ వస్తారా?"

ఒక్క ఆదివారమే అని వాళ్ళు ముందే చెప్పారు.

"అమ్మ ఒప్పుకుంది," అన్నాడు చివరికి. ఎందుకన్నాడో అతనికే తెలియదు. చేతిలో మిగిలింది అదొక్కటే.

"ఎందుకు ఒప్పుకుంది?"

ఆమె అతని ముఖంలోకి చూసి జవాబు చదువుకుంది.

"నా నోరు మూతపడిందనా?"

"నాకు నువ్వలా అక్కర్లేదు. నాకు..."

"ఫ్యూజూ, నాకు కోపం రావట్లేదు. వస్తే బాగుండేది, తిట్టి, కొట్టి, మళ్ళీ నీ పక్కనే కూర్చునేదాన్ని. భయమేస్తోంది. రేపు మనింటికి ఎవరో పెద్దమనిషి వస్తాడు. నేనేదో అనబోతాను. నువ్వు నా మంచికే ఏ స్విచ్చు నొక్కుతావో, ఏది ఆరిపోతుందో అని చూసుకుంటూ బతకాలి. నా వల్ల కాదు. పెళ్ళి వద్దు."

అతనికి చాలా చెప్పాలనిపించింది. నాన్న వైపు చూశాడు. ఆయనైనా ఒక మాట అంటాడేమోనని. వారం కింద ఇదే గుమ్మంలో, "ఏరా అల్లుడూ, లోపలికి రారా" అని పిలిచిన మనిషే.

ముసలాయన పేనుతున్న తాడు పక్కన పెట్టాడు. లేచి, గుమ్మం దాకా వచ్చి, ఎంతో మర్యాదగా అన్నాడు:

"మీరు బయల్దేరండి బాబూ. వానొచ్చేలా ఉంది."

ఫ్యూజు వీధిలోకి వచ్చి తలెత్తి చూశాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.