గుమ్మడిదల రోడ్డు మీద ఇద్దరు పేషెంట్లు

"సిస్టర్! జీపు ఇంకా ఎనకనే ఉన్నది!"

డ్రైవర్ యాదన్న అద్దంలోకి చూస్తూ అరుస్తున్నాడు.

హైమావతి తలెత్తదు.

"ఉంటే ఉండనీ యాదన్నా. పటాన్‌చెరు దాకా ఆపకు!"

అంబులెన్స్ గుమ్మడిదల రోడ్డు మీద ఎగిరెగిరి పడుతోంది. వెనకంతా దుమ్ము. అప్పుడే తెల్లారుతోంది.

వరసగా రెండు డ్యూటీలు చేసింది హైమావతి. కాళ్లు తనవి కానట్టున్నాయి. కళ్లు మండుతున్నాయి.

లోపల ఇద్దరు పేషెంట్లు. మందుల ఫ్యాక్టరీలో గ్యాస్ లీకయిందని గేటు దగ్గర ఎక్కించారు.

ఒకడు సంగప్ప. అక్కడి వర్కర్. ఉలుకూ పలుకూ లేదు.

రెండోవాడు కిష్టప్ప. లేబర్ కాంట్రాక్టర్ మనిషి. ఒకటే అరుపులు!

"సస్తున్న సిస్టర్! ఛాతీ మండుతున్నది! ముందు నన్ను సూడు!"

అంత గట్టిగా అరుస్తున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే. ఆగగలడు.

ఆమె సంగప్ప మీదికి వంగుతుంది.

గొంతులో గురగుర... పెదాలు నీలం!

పక్కకి తిప్పుతుంది. కాలితో పంపు తొక్కుతూ గొట్టంతో నోట్లో నురగ లాగేస్తుంది. ఆక్సిజన్ మాస్కు పెడుతుంది. అతని ఛాతీ వంకే చూస్తుంది.

లేచింది... పడింది...

మళ్లీ లేచింది!

నాడి సన్నగా కొట్టుకుంటోంది. కానీ ఉంది.

ఇప్పుడు కిష్టప్ప. కనురెప్ప ఎత్తి చూస్తుంది.

సంగప్ప కళ్లు చింతనిప్పులు. వీడి కళ్లు తెల్లగా ఉన్నాయి! నాడి నింపాదిగా ఉంది. సంగప్ప చొక్కా వాసనకే ముక్కు మండిపోతోంది. వీడి చొక్కా సబ్బు వాసన!

ఆమె చెయ్యి ఆగిపోతుంది.

వీడికి గ్యాస్ తగలనే లేదు!

అరుపు టక్కున ఆగింది. దుప్పటి కింద నుంచి కత్తి!

"వాని మాస్కు తియ్."

"తీస్తే చచ్చిపోతాడు."

"గందుకే తియ్యమంటున్న! పోయిన నెల రియాక్టర్ పేలి ఇద్దరు సచ్చిండ్రు. రాత్రికి రాత్రే పూడ్సిపెట్టినం. వీడు సూసిండు. కోర్టుల నోరు తెరిస్తే మేమంతా జైలుకే!"

హైమావతికి భయపడే ఓపిక కూడా లేదు.

"నేను తియ్యను."

కత్తి మెడకు తగిలింది. చల్లగా...

కీచ్!

జీపు అడ్డమొచ్చింది! యాదన్న బ్రేక్ తొక్కాడు. ఆమె ఎగిరి సంగప్ప మీద పడింది. రెండు చేతులతో మాస్కు గట్టిగా పట్టుకుంది.

వెనక తలుపులు తెరుచుకున్నాయి. మామూలు చొక్కాలో ఒకడు... చేతిలో తుపాకీ!

వీడి మనుషులే... అయిపోయింది!

కిష్టప్ప కత్తి ఎత్తాడు.

ఢాం!

కూలిపోయింది... కిష్టప్ప!

"నేను ఎస్సైని! సంగప్ప నిన్ననే ఠాణాకొచ్చి అంతా చెప్పిండమ్మా. గా సంగతి తెలిసే వీళ్లు గ్యాస్ వదిలిండ్రు. వీని మీద అనుమానంతోనే గేటు కాడికెల్లి మీ ఎంటవడ్డం. ఆయనకెట్లున్నది?"

మాస్కు లోపల ఆవిరి పడుతోంది. పెదాల్లో రంగు తిరుగుతోంది.

"ఊపిరి నిలబడింది."

కిష్టప్ప తొడ నుంచి రక్తం చిమ్ముతోంది. మొహం పాలిపోతోంది.

హైమావతి మోకాళ్ల మీద కూర్చుంటుంది. దుప్పటి మడిచి గాయం మీద అదుముతుంది.

"వీన్ని ఇడిసిపెట్టుండ్రి! మిమ్మల్ని పొడవబోయిండు గదమ్మా!"

"తెలుసండీ. నా చేతుల్లో బలం చాలట్లేదు. తుపాకీ పక్కన పెట్టి ఇలా రండి... ఇక్కడ గట్టిగా నొక్కండి. యాదన్నా, పోనివ్వు!"