విరిగిన సకినాలు

ఆడవాళ్ల ఫోన్ నంబరు వెబ్‌సైట్‌లో పెట్టకపోవడమే మంచిదని శైలేందర్ అన్నాడు. అంతే, అప్పటిదాకా కుర్చీ అంచున ఒద్దికగా కూర్చున్న పద్మప్రియ బ్యాగు భుజాన వేసుకుని లేచి నిలబడింది.

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో జిరాక్స్ సెంటర్ మీది గది అది. ఒక టేబుల్, ఒక ల్యాప్‌టాప్, తిరిగినంతసేపూ మూలిగే ఫ్యాను. చిన్న దుకాణాలకు తక్కువ ఖర్చులో వెబ్‌సైట్లు చేసిపెట్టడం శైలేందర్ పని. వచ్చిన గిరాకీని మొదటి మాటకే లేపి నిలబెట్టడం మాత్రం అతనికి కొత్త.

"మీ అన్నదో, ఇంకెవరిదో నంబర్ ఇయ్యుండ్రి మేడం," అని సర్దబోయాడు. "పనిలేనోళ్లు ఉంటరు. ఆడపిల్ల నంబర్ దొరికితే సతాయిస్తరు. మీ మంచికే చెప్తున్న."

"మా అన్న నంబర్ దుకాణం బోర్డు మీద ఉండనే ఉన్నది," అంది పద్మప్రియ. "వంటలు చేసేది నేను, మా అమ్మ. ఫోన్ ఎత్తేది మా అన్న. యాదికుంటే ఆర్డర్ చెప్తడు, లేకుంటే మర్చిపోతడు. దుకాణం పేరు గూడ అరుణ్ పిండివంటలు. ఒక్క సకినం చుట్టి ఎరుగడు ఆయన. మళ్ల గదే నంబర్ పెట్టేదానికి ఎల్లారెడ్డి నుంచి బస్సెక్కి ఈడిదాక ఎందుకొస్త?"

శైలేందర్ ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. ఆమె నంబరే పెడతానన్నాడు. ఆమె వెంటనే కూర్చోలేదు. మాట మీద నిలబడతారా అని అడిగింది. నిలబడతానన్నాడు. అప్పుడు కూర్చుంది.

ఆమె దగ్గరున్న డబ్బు తక్కువ. ఆ సంగతి చెప్పడానికి ఆమె మొహమాటపడలేదు, వినడానికి అతనూ మొహం ముడుచుకోలేదు. హంగులున్న సైట్ అక్కర్లేదన్నాడు. ఒక్క పేజీ చాలు. వంటల ఫొటోలు, ధరలు, కింద ఆర్డర్ పెట్టడానికి ఒక వాట్సాప్ బటన్. అంత చిన్న పేజీకి ఊరికే చోటిచ్చే హోస్టింగ్‌లు ఉన్నాయి, కిరాయి కట్టనక్కర్లేదు. కొనాల్సింది సైట్ అడ్రసుగా పెట్టుకునే పేరు ఒక్కటే. మొదటి సంవత్సరం చవగ్గా ఇచ్చి రెండో సంవత్సరం ధర పెంచుతారు కాబట్టి ఆ రెండో ధర చూసి కొనాలని, మధ్యలో అంటగట్టే ప్యాకేజీలన్నిటికీ వద్దు అనే నొక్కాలని చెప్పాడు.

"పేరు మాత్రం మీ మెయిల్ మీద, మీ ఫోన్ మీదనే కొనుండ్రి," అన్నాడు. "నా మీద కొంటే సైట్ నా చేతుల ఉంటది. రేపెప్పుడన్న చెడితే మిమ్మల్ని ఆడిస్త."

ఆమె మొదటిసారి నవ్వింది. "ఆడిస్తరా?"

"నేనట్ల చెయ్య. వేరేటోళ్ల సంగతి చెప్తున్న."

ఆ మాట అన్నప్పుడు అతను నిజంగానే అన్నాడు. సైట్‌కు ఆమె తల్లి పేరు పెట్టుకున్నారు, విమలమ్మ సకినాలు అని.

ఫొటోల కోసం శైలేందర్ ఎల్లారెడ్డి వెళ్లాడు. లింగంపేట దాటాక మొదలైన వాన ఇంటిదాకా వెంట వచ్చింది. విమలమ్మ నేల మీద తెల్లబట్ట పరిచి సకినాలు చుడుతోంది. ఏళ్లపాటు బీడీలు చుట్టిన వేళ్లు అవి. నువ్వులు, వాము కలిపిన బియ్యప్పిండి ఆమె వేళ్ల మధ్య నుంచి సన్నగా జారి, చుట్టు మీద చుట్టుగా బట్ట మీద కూర్చుంటోంది.

మబ్బు పట్టడంతో ఫొటోలు నల్లగా వచ్చాయి. వెలుతురు కోసం ఆగాల్సిందే అన్నాడు. వెలుతురు కోసమా, పళ్లెంలో ఉన్నవాటి కోసమా అని పద్మప్రియ అడిగింది. రెంటికీ అని ఒప్పుకున్నాడు. అతను పళ్లెంలో చెయ్యి పెట్టబోతే ఆమె పళ్లెం లాగేసి, పక్కనున్న డబ్బా ముందుకు నెట్టింది. అందులో అన్నీ విరిగిన ముక్కలే.

"మంచియి కస్టమర్లకు," అంది. "విరిగినయి సొంతోళ్లకు. మా ఇంట్ల గంతే."

విమలమ్మ తలెత్తి కూతురిని చూసింది. పద్మప్రియ అప్పటికే వంటింట్లోకి వెళ్లిపోయింది. శైలేందర్ ఆ డబ్బా ఖాళీ చేసేదాకా వాన తగ్గలేదు. తగ్గాలని అతనూ కోరుకోలేదు.

సైట్ మొదలైన రోజు, అతని గదిలోనే, పద్మప్రియ వాట్సాప్ బటన్ నొక్కి చూసింది. తెర మీద తన నంబరు వచ్చింది. ఆమె చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. పాస్‌వర్డ్ మార్చుకొమ్మని అతను గుర్తుచేశాడు. "నీకు తెలిస్తే ఏమైతది," అంది ఆమె. అప్పటిదాకా ఉన్న 'మీరు' అనే పిలుపు ఆ రోజే పోయింది.

ఆర్డర్లు రావడం మొదలైంది. సెలవు మీద వచ్చి తిరిగి గల్ఫ్ వెళ్లేవాళ్లు, అక్కడి రూమ్‌మేట్లకు తీసుకెళ్లడానికి కిలోల లెక్కన అడిగారు. వాళ్ల గ్రూపుల్లో సైట్ లింకు తిరిగింది. శైలేందర్ అన్నట్టే పనిలేనివాళ్లూ వచ్చారు. ఒకడు పాట పాడమన్నాడు. ఇంకొకడు ఫొటో పంపమన్నాడు. వాళ్లను బ్లాక్ చేసి పిండి కలుపుకున్నానని పద్మప్రియ ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది.

ఆమె నవ్వింది గాని శైలేందర్‌కు నవ్వు రాలేదు. ఎవడో గాడిద ఆమెను ఫొటో అడగడం అతనికి ముద్ద దిగనివ్వలేదు. మర్నాడు మధ్యాహ్నం సైట్ తెరిచి, బటన్ వెనకున్న ఆమె నంబరు తీసేసి తన రెండో సిమ్ నంబరు పెట్టాడు. ఆమెను అడగలేదు. ఇప్పటి నుంచి ఆర్డర్లు సర్వర్ మీదుగా తన దగ్గరికి వస్తాయని, రోజూ సాయంత్రం తాను చెబుతానని అన్నాడు. సర్వర్ అంటే ఏమిటో అతనికే తెలియాలి కాబట్టి ఆమె సరేనంది. ఆమెను కాపాడుతున్నానని అతను మనసులో అనుకున్నాడు. రోజూ ఆమెకు ఫోన్ చేయడానికి సాకు దొరికిందని అనుకోవడానికి మాత్రం అతనికి ధైర్యం చాలలేదు.

ఆ సాయంత్రాలు బాగుండేవి, అది కాదనడానికి లేదు. పది మాటల్లో అయిపోయే ఆర్డర్లను అతను ఆ రెండో సిమ్ నుంచే ఫోన్ చేసి, సాగదీసి చదివేవాడు. వార్తలు చదివేవాళ్ల గొంతు పెట్టేవాడు. ఆమె పిండి చేత్తోనే ఫోన్ ఎత్తి, తొందరగా చెప్పమని కసిరి, తనే మాట పొడిగించేది. నువ్వులు కొనడానికి కామారెడ్డి వచ్చిన రోజుల్లో విరిగిన సకినాల డబ్బా తెచ్చేది. ఒకసారి బస్టాండులో వాన అందుకుంటే, ఇద్దరూ ఒకే రేకు కింద నిలబడి ఆ డబ్బా ఖాళీ చేశారు. ఎల్లారెడ్డి బస్సు వచ్చింది, పోయింది. ఆమె ఎక్కలేదు. ఎందుకెక్కలేదని అతను అడగలేదు.

అటువైపు కస్టమర్లకు మాత్రం జవాబులు ఆమె మాటల్లోనే వెళుతున్నాయి. సరే అన్నా, అట్లనే అక్కా, రెడీగా పెడత అని శైలేందరే రాసేవాడు. విమలమ్మ సకినాలు అన్న పేరు కింద మగవాడు మాట్లాడితే బాగుండదని అతని ఉద్దేశం. నంబరు తిరిగి మార్చేయాలని రెండు మూడుసార్లు అనుకున్నాడు. మారిస్తే రేపటి నుంచి ఏ సాకుతో ఫోన్ చేయాలో తోచక మానుకున్నాడు.

జుక్కల్‌లో చుట్టాల పెళ్లికి బస్సెక్కుతుండగా ఫరీద్ మెసేజ్ వచ్చింది. ఫరీద్‌ది ఎల్లారెడ్డే, దుబాయ్‌లో పని. సెలవు అయిపోయింది, మర్నాడు పొద్దున ఎయిర్‌పోర్టుకు వెళుతూ దుకాణం దగ్గర కారు ఆపి తీసుకుంటానని, రూమ్‌లో అందరికీ కలిపి ఐదు కిలోలు కావాలని రాశాడు. తప్పకుండా అన్నా, రెడీగా పెడత అని శైలేందర్ ఒక చేత్తో రాసి, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకున్నాడు. సాయంత్రం పద్మప్రియకు చెబుదామనుకున్నాడు. సాయంత్రం బరాత్ బయల్దేరింది. బ్యాండ్ చప్పుడులో, చుట్టాల మధ్య, ఆ మాట అతనికి యాదికి రాలేదు.

పొద్దున దుకాణం ముందు కారు ఆగింది. ఫరీద్ దిగి పార్సిల్ అడిగాడు. ఏ పార్సిల్ అంది పద్మప్రియ.

"నువ్వే రాసినవ్ గద చెల్లె, రెడీగా పెడత అని," అంటూ ఫోన్ చూపించాడు. అతను కోపం చేయలేదు. రూమ్‌లో వాళ్లకు చెప్పి పెట్టుకున్నానని మాత్రం అన్నాడు.

పద్మప్రియ ఆ చాట్ మొత్తం చదివింది. తాను ఎన్నడూ అనని మాటలు తన పేరు మీద ఉన్నాయి. పైన ఉన్న నంబరు తనది కాదు. అది ఎవరిదో ఆమెకు కంఠతా వచ్చు, రోజూ సాయంత్రం మోగే నంబరే.

ఇంట్లో ఉన్న కిలోన్నర సకినాలు ఫరీద్ చేతిలో పెట్టి, డబ్బు తీసుకోకుండా పంపింది. లోపల నుంచి ఇదంతా చూసిన అన్న అరుణ్‌కుమార్, అందుకే ఆడవాళ్లకు ఇవన్నీ ఎందుకని అన్నానన్నాడు. ఎవడి చేతిలోనో పెట్టే బదులు ఇంట్లో వాడి నంబరే ఉంటే పోలేదా అని అడిగాడు. అన్న ముందు నోరెత్తలేకపోవడం ఆమెను అన్నిటికంటే ఎక్కువగా కోసింది.

అదే రోజు ఆమె కామారెడ్డి వచ్చింది. శైలేందర్ అప్పుడే జుక్కల్ నుంచి దిగి గది తాళం తీస్తున్నాడు. ఆమె చేతిలో డబ్బా లేకపోవడం చూడగానే అతనికి ఫరీద్ యాదికొచ్చాడు.

"నంబర్ నేనే మార్చిన," అన్నాడు ఆమె అడగకముందే. "నిన్ను సతాయిస్తున్నరని మార్చిన. వేరే ఉద్దేశం లేదు."

"సతాయిస్తున్నరని నేను నీకు మొరపెట్టుకున్ననా? నవ్వుకుంట చెప్పిన. నాకు చాతనైంది కాబట్టే నవ్విన."

అతను తల వంచుకున్నాడు. ఇన్నాళ్లూ మంచి మాటలు కూర్చుకుని, మంచి రోజు చూసి చెప్పాలనుకున్నది, ఇప్పుడు ఇట్లా బయటపడింది. "నువ్వంటే ఇష్టం పద్మా. నీకు ఏమన్న అయితదేమోనని భయమైంది. ప్రేమతోనే చేసిన."

"మా అన్న గూడ గదే అంటడు," అంది పద్మప్రియ.

అతను లోపలికి వెళ్లి ల్యాప్‌టాప్ తెరిచి, మూలిగే ఫ్యాను వేశాడు. ఆమె కుర్చీ లాక్కుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. నంబరు ఎక్కడ మార్చాలో చూపించమంది, తనే మారుస్తానంది. అతను వేలు పెట్టి చూపించాడు. ఆమె తన నంబరు ఒక్కో అంకె చూసుకుంటూ కొట్టింది. తర్వాత పాస్‌వర్డ్ మార్చే చోటు అడిగింది. అది కూడా చూపించాడు. అటు తిరగమంది. శైలేందర్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వెనక టకటక వినబడుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒక్క మాట చెప్తే ఏమయ్యేది?" అన్నాడు గోడవైపే చూస్తూ. "మార్చమని చెప్తే నేను మార్చకపోదునా?"

"నువ్వు మార్చినవని తెలిస్తే గద చెప్పేది." ఆమె ల్యాప్‌టాప్ మూసింది. "ఆ రోజు బస్టాండుల వాన పడ్డప్పుడు అడుగుతవేమో అనుకున్న. అడిగితే మా అమ్మతోని మాట్లాడమందామనుకున్న. అమ్మకు గూడ చెప్పిపెట్టిన."

అతను గిర్రున తిరిగాడు. ఆమె అప్పటికే బ్యాగు భుజాన వేసుకుంది. ఇప్పుడు అడుగుతానన్నాడు. విమలమ్మ కాళ్లు పట్టుకుంటానన్నాడు. జన్మలో మళ్లీ ఇట్లా చేయనన్నాడు.

"నువ్వు చెడ్డోనివి కావు," అంది ఆమె. "చెడ్డోనివైతే తిట్టి పోదును. ఇంటి నిండ నా మంచి కోరేటోళ్లే ఉన్నరు శైలేందర్. ఇంకొకల్లు నాకు వద్దు."

మెట్లు దిగి వెళ్లిపోయింది. మొదటి రోజు ఆమె లేచి నిలబడినప్పుడు మాట ఇచ్చి కూర్చోబెట్టాడు. ఈసారి ఇవ్వడానికి అతని దగ్గర మాట లేదు.

వానలు పోయి చలి వచ్చింది. సైట్ బాగానే నడుస్తోంది. శైలేందర్ అప్పుడప్పుడు తెరిచి చూసేవాడు. కొత్త ఫొటోలు వచ్చాయి, అతను తీసినవాటికంటే వెలుతురుగా ఉన్నాయి. వంటల్లో గారిజెలు, సర్వపిండి చేరాయి. ధరలు ఆమే మార్చుకుంటోంది. దుకాణం బోర్డు కూడా మారిందని, దాని మీద విమలమ్మ సకినాలు అనే ఉందని, అటు వెళ్లొచ్చిన వాళ్లెవరో అతనికి చెప్పారు. సంతోషపడ్డాడు. ఆ బోర్డు కింద తనకు చోటు లేదని బాధపడ్డాడు కూడా.

ఒక రోజు ఉండబట్టలేక బటన్ నొక్కాడు. ఆమె నంబరు తెరుచుకుంది. క్షమించమని పొడుగ్గా రాశాడు. చెరిపేశాడు. ఎట్లున్నవ్ అని రాశాడు, అదీ చెరిపేశాడు. చివరికి అర కిలో సకినాలు కావాలని రాసి, కింద తన పేరు, కామారెడ్డి అని పెట్టి పంపాడు.

కాసేపటికి జవాబు వచ్చింది. "మీ ఆర్డర్ అందింది సార్. రేపటి బస్సు పార్సిల్‌ల పంపుతం."

మర్నాడు బస్టాండుకు వెళ్లి పార్సిల్ తీసుకున్నాడు. అప్పుడు వానకు ఇద్దరూ ఆగిన రేకు కిందే నిలబడి అట్టపెట్టె విప్పాడు. సకినానికీ సకినానికీ మధ్య కాగితం వేసి, అంచులకు మెత్తగా పేపరు కుక్కి, ఎంతో జాగ్రత్తగా సర్ది ఉంది. పైనుంచి ఒక్కొక్కటే తీసి చూశాడు. పెట్టె అడుగుదాకా వెతికాడు.

ఒక్కటి కూడా విరగలేదు.