రెండు గుంపులు, ఒక రిమోట్

"ఆ పిల్ల మనతో ఉంటూనే అవతలివాళ్ళకీ కబుర్లు మోస్తోంది. ఎవరి మనిషో కనుక్కో," అన్నాడు ఓర్విల్, పెప్పరోని రోల్ అనే మాంసం రొట్టె కొరుకుతూ.

వెస్ట్ వర్జీనియా కొండల్లోని కార్మికుల రైఫిల్ క్లబ్‌కి అతను అధ్యక్షుడు, రిటైరైన గని కార్మికుడు. శనివారం కోర్టు పచ్చికలో పేదలకి తిండి పంచుతారు. మెడలో ఎర్ర రుమాళ్ళు కట్టుకుని క్లబ్ సభ్యులు తుపాకులతో కాపలా కాస్తారు. వాళ్ళంటే గిట్టని మిలీషియా, అంటే ఊళ్ళోని ప్రైవేటు సాయుధ దళం, ఎదురుగా తుపాకులతోనే నిలబడుతుంది.

"షెరీఫ్‌కి చెబితే?" అంది డ్రీమా స్టిల్ట్‌నర్. సైన్యంలో సిగ్నల్స్ విభాగం చూసిన మనిషి. ఇప్పుడు క్లబ్ గూఢచారి.

"మన మాట నమ్మే షెరీఫ్ ఇంకా పుట్టలేదమ్మా."

ఓర్విల్ చెప్పిన పిల్ల సెలెస్ట్ మార్షాండ్. డాక్యుమెంటరీ తీస్తానని వచ్చింది. ఖరీదైన బూట్లు, మత్తెక్కించే గొంతు. క్లబ్ కుర్రాళ్ళు ఆమె ముందు విప్లవం గురించి అవసరానికి మించి మాట్లాడేవారు.

శుక్రవారం మధ్యాహ్నం, తెల్ల విగ్గు, ఏప్రన్, చెవిలో వినికిడి యంత్రం. డ్రీమా ఎదుటి మిలీషియా విందులో క్యాబేజీ సలాడ్ వడ్డిస్తోంది. యంత్రం నిజానికి విన్నదంతా రికార్డు చేసే రిసీవర్. మైకుని ముందే సెలెస్ట్ కెమెరా పట్టీలో దాచిపెట్టింది.

"ముందు ఎర్రవాళ్ళే కాలుస్తారు," అని సెలెస్ట్ మిలీషియా కెప్టెన్‌కి చెబుతోంది. "చప్పుడు వినగానే ఆగకండి."

ముందు రోజు క్లబ్‌లోనూ సెలెస్ట్ ఇదే చెప్పింది, ఎర్రవాళ్ళ బదులు మిలీషియా అని మాత్రం మార్చి.

తర్వాత సెలెస్ట్ చెట్ల వెనక్కి వెళ్ళి ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది. మాటలన్నీ డ్రీమా చెవిలో పడుతున్నాయి.

"పెళ్ళివాళ్ళు?" అవతల ఏదో విదేశీ యాస. రెండు గుంపులకీ వాళ్ళు పెట్టుకున్న మారుపేరది.

"రెండు వైపులా వస్తున్నారు. బాంబు రిమోట్ నా కారు తాళంలో ఉంది."

"శవాలెన్నైనా ఫరవాలేదు. కెమెరాలో స్పష్టంగా పడాలి. అమెరికావాళ్ళు తమలో తామే చంపుకుంటున్నారని లోకమంతా చూడాలి."

డ్రీమా గరిటె గిన్నెలో పడేసింది. కోపంతో.

మిలీషియా కెప్టెన్ లైల్ డ్రీమా పెద్దమ్మ కొడుకు. పదేళ్ళుగా మాటల్లేవు. అతన్ని పక్కకి పిలిచి విగ్గు తీసింది.

"నువ్వా? ఎర్ర రుమాళ్ళకి తుపాకులెందుకే?"

"రాజ్యాంగంలో తుపాకి హక్కు రాసినవాళ్ళు రుమాలు రంగు రాయలేదన్నయ్యా. ముందిది విను."

రికార్డింగ్ విన్నాక లైల్ ముఖం పాలిపోయింది.

"షెరీఫ్ నమ్మాలంటే రిమోట్‌తో సహా పట్టుకోవాలి. రేపటికి మీవాళ్ళ తుపాకుల్లో తూటాలన్నీ వాళ్ళకి తెలీకుండా తీసేయించు," అంది డ్రీమా. "మావాళ్ళవి నేను చూసుకుంటా."

శనివారం. సంచులు పట్టుకున్న తల్లులు, పిల్లలు. అటూ ఇటూ వీరుల్లా ఛాతీలు పొంగించిన మగవాళ్ళు. సెలెస్ట్ కెమెరా తిప్పి, కారు తాళం కోసం జేబులో చెయ్యి పెట్టింది. డ్రీమా జనాన్ని తోసుకుంటూ పరుగెత్తి ఆమె మణికట్టు మెలితిప్పింది. ఒక్క క్షణం ఆలస్యమైంది. పచ్చిక అంచున, జనానికి దూరంగా, చెత్తడబ్బా పేలింది.

ఆ వెంటనే క్లిక్. ఇంకో క్లిక్. రెండు వైపుల నుంచీ.

ఖాళీ తుపాకుల ట్రిగ్గర్లు నొక్కిన ఆ ఘనులందరినీ డ్రీమా తేరిపార చూసింది. ఒక్కడూ కళ్ళెత్తలేదు. మధ్యలో ఒక తల్లి బిడ్డమీద వాలిపోయి ఏడుస్తోంది.

సెలెస్ట్ నవ్వింది. "వీళ్ళలో కాల్చాలన్న కోరిక నేను పుట్టించలేదు."

"లేదు. అందుకే తూటాలు తీయించాను," అంది డ్రీమా, ఆమె చేతులు వెనక్కి కడుతూ.

షెరీఫ్ రికార్డింగ్ రెండుసార్లు విని, తప్పక నమ్మాడు. సెలెస్ట్‌ని కారెక్కించాడు.

లైల్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నీతో కలిసి పనిచేశానని మావాళ్ళకి చెప్పకు."

"నాకు మాత్రం పరువు లేదా?" అంది డ్రీమా.