ఒక్క తోపుకే పడిన తలుపు

"ఇదే ఆఖరిది," అన్నాడు చీఫ్.

గత మూడు మిషన్లకూ అదే మాట. పదకొండో నంబర్ ఏజెంట్ మోకాలు రుద్దుకుంటూ విన్నాడు.

"దేశంలో మొదటి సొంత కారు. ఇంజన్ నుంచి హారన్ దాకా మనవాళ్లే చేశారు. మూడు నెలల్లో మంత్రిగారి ముందు టెస్ట్ ట్రాక్ ఎక్కుతుంది. అక్కడ బోల్తా పడితే ఫ్యాక్టరీకి తాళం, లైసెన్స్ విదేశీ కంపెనీకి. మన సలహాదారుల్లో ఒకడు వాళ్ల మనిషి. ఎవడో తెలీదు."

"నా వేషం?"

"స్వీపర్."

"మళ్లీనా?"

మూడు నెలలు ఊడ్చాడు. లైటర్‌లో దాచిన కెమెరా మొదటి వారమే ఆయిల్ డబ్బాలో పడి చచ్చింది. రోజూ పొద్దున్నే ఫోర్‌మన్ కేక మాత్రం వినేవాడు.

"అల్లుడూ, తలుపు చేత్తో కాదు, నడుంతో తొయ్యి."

కారు నడిపేది ఆ అల్లుడే. మూడో తోపుకు గానీ దాని తలుపు పడేది కాదు.

ఆ రోజు రానే వచ్చింది. పది గంటలకు పరుగు. పదికి పది నిమిషాలుందనగా ఎర్ర సిల్కు స్కార్ఫ్, నల్లద్దాలు అతని పక్కన ఆగాయి. విదేశీయుల దుబాసీ. రెండు పక్షాలకూ పనిచేసే మనిషి.

"చెత్తబుట్ట ఎక్కడ?"

"నిండిపోయింది," అన్నాడు. కోడ్ కుదిరింది.

"నిన్న సెలవు కదా. కారు మీద పని కానిచ్చేశారు. ఎక్కడో నాకూ చెప్పలేదు."

మూడు వేల పార్టులు. పది నిమిషాలు. ఊరికే ఆపిస్తే కారు పనికిరాదనే అంటారు. అతనికి అక్కడే కూలబడి నిద్రపోవాలనిపించింది.

ఏటవాలు ట్రాక్ పైన అల్లుడు కారెక్కాడు, పక్కనున్న మెకానిక్ తలుపు ఒకసారి తోశాడు.

టక్.

ఏజెంట్ చీపురు పారేసి కారుకు అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగు పెద్దాయనా, మంత్రిగారు వాచీ చూస్తున్నారు," అన్నాడు ఫోర్‌మన్.

"తలుపు ఎవరు బాగుచేశారు?"

"ఎవరూ ముట్టుకోలేదు."

"మరి ఒక్క తోపుకే పడిందే?"

ఫోర్‌మన్ మొహం పాలిపోయింది. "అల్లుడూ, దిగు. మెల్లగా."

నిన్న ఎవరో తలుపు ఊడదీసి మళ్లీ సరిగ్గా బిగించారని తేలింది. లోపల బ్రేక్ పెడల్ పిన్ను రంపంతో కోసి ఉంది. వెంట్రుకవాసిలో ఆగి ఉంది.

గ్యాలరీలో ఓ సలహాదారు లేచి గేటు వైపు నడిచాడు. దుబాసీ తన హైహీల్ కాస్త ముందుకు చాపింది. అతను బోర్లా పడ్డాడు.

"తలుపు అడ్డమని తీశాను. మళ్లీ వంకరగా బిగించడానికి చేతులు రాలేదు," అన్నాడు సలహాదారు నీరసంగా.

కొత్త పిన్నుతో కారు వాలు దిగింది. ఆగాల్సిన చోటే ఆగింది. అల్లుడు నవ్వుతూ చెయ్యి ఊపాడు.

ఫోర్‌మన్ కళ్లు తుడుచుకున్నాడు. "ఆ తలుపుని మళ్లీ మనం చేసినట్టే వంచెయ్యమంటారా?"

ఏజెంట్ వంగి చీపురు అందుకున్నాడు.

"వద్దులే. వాళ్లు మనకు చేసిన సాయం అదొక్కటే."