ఒక్క మాట పట్టని ఫైలు

"ఖాళీ," అంది టెస్టరమ్మాయి.

"ఏది?" అన్నాడు అతను. ఆఫీసంతా మౌనిబాబా అని పిలిచే ప్రోగ్రామర్. పొద్దున్నుంచి అతను నోరు విప్పడం అదే మొదలు.

"మీ ప్రోగ్రాం రాసిన ఫైలు. ఒక్క మాట కొట్టి సేవ్ చేశాను. ఫైలైతే పుట్టింది, లోపల అక్షరం ముక్క లేదు."

"పేజీలకు పేజీలు రాయించి చూశానే!"

"అందుకే దొరకలేదు మహానుభావా! బఫర్ అంటే తొట్టి. నిండితే తనే పొర్లి ఫైల్లో పడుతుంది. చివర్లో నాలుగు ముక్కలు పోయినా అంత పెద్ద ఫైల్లో ఎవరు చూడొచ్చారు? చిన్న మాటైతే తొట్టిలోనే ఉండిపోతోంది. మీరు తొట్టి ఒంపే ఫ్లష్ చెయ్యలేదు, ఫైలు క్లోజూ చెయ్యలేదు. నేను పాస్ చెయ్యను."

కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. వానలో తడిసొచ్చిన జడ కొస నుంచి ఒక చుక్క కీబోర్డు మీద పడింది. అతను తుడవలేదు.

"కోడ్ చూస్తారా, నన్ను చూస్తారా?"

"కోడే," అంటూ తడబడి, చివర ఒక లైను చేర్చాడు. ఆమె మళ్ళీ ఒక్క మాట కొట్టింది. ఫైలు తెరిస్తే ఈసారి ఉంది: చెప్పండి.

"ఏం చెప్పాలి?"

"ఇన్నాళ్ళుగా మీ నోటిదాకా వచ్చి ఆగిపోతున్నదేదో, అది. సాయంత్రం నన్ను చూసుకోడానికి ఎవరో వస్తున్నారట. రమ్మనాలో వద్దనాలో ఇప్పుడే తేల్చమని మా నాన్న ఫోన్ పట్టుకుని కూర్చున్నారు."

అతని చేతులు కీబోర్డు మీదికి వెళ్ళాయి. ఆమె దాన్ని అవతలికి నెట్టేసింది.

"టైపింగ్ కుదరదు. నోటితో."

అతను లేచి నిలబడ్డాడు. మాట్లాడడమే కష్టం గానీ, తేల్చుకున్నాక వెనకడుగు వేసే మనిషి కాదు.

"ఫోనివ్వండి."

"ముందు నాకు కదా చెప్పాలి!"

"మిమ్మల్ని చూస్తే గొంతు పెగలదు. ఆయనైతే కనబడరు."

ఆమె నవ్వు ఆపుకుంటూ నంబరు కలిపి, స్పీకర్ పెట్టి ఇచ్చింది.

"నమస్కారమండీ. మీ అమ్మాయితో పనిచేస్తాను. తనని పెళ్ళి చేసుకోవాలనుంది. వచ్చేవాళ్ళని రావద్దనండి."

అటువైపు దగ్గు వినిపించింది.

"ఇంకేమన్నా ఉందా బాబూ?"

"లేదండీ. అంతే."

"ఈ రెండు ముక్కల కోసమేనా మా పిల్ల వచ్చిన సంబంధమల్లా తిప్పి పంపుతోంది?"

"నాన్నా!" అని ఆమె ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టబోయింది. అతను పెట్టనివ్వలేదు.

"సరే, వాళ్ళ బదులు సాయంత్రం నువ్వే రా. మాటలు మాత్రం కాసిని ఎక్కువ తెచ్చుకో."