కన్నకూతురు మూసిన వంటగది

నెస్టా కూతురి ముందు కౌల్ పులుసు గిన్నె పెట్టి, తాను మాత్రం కూర్చోకుండా కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. మాంసం, లీక్ కాడలు, బంగాళాదుంపలు మెత్తగా ఉడికిన ఆ పులుసంటే లోవ్రికి చిన్నప్పటి నుంచీ ప్రాణం. గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి ఎంత అలసిపోయి వచ్చినా, ఆ వాసన తగిలితే చాలు, కోటైనా విప్పకుండా బల్ల ముందు కూలబడేది. ఆ రోజూ అలాగే కూర్చుంది. మొదటి చెంచా నోటి దాకా తీసుకెళ్ళింది.

"బడి వంటగది మూసెయ్యాలన్న ఆలోచన ఎవరిది, లోవ్రీ?"

చెంచా అక్కడే ఆగిపోయింది. బల్లకు అటువైపు రొట్టె కోస్తున్న తండ్రి ఐడ్రిస్ కత్తి పక్కన పెట్టేశాడు. 

ఆ ఉదయమే కౌన్సిల్ నుంచి ఇద్దరు మనుషులు నెస్టా వంట చేసే బడికి వచ్చారు. టేపు పట్టుకుని పొయ్యిలు కొలిచారు, గోడలు కొలిచారు, సొరుగులు తెరిచి చూశారు. కొత్త పొయ్యిలు ఇస్తారేమో అని మురిసిపోయి నెస్టా వాళ్ళకి టీ కాచి, వేడి వేడి వెల్ష్ కేకులు పెట్టింది! వాళ్ళలో చిన్నవాడు కేకు తింటూ, ఈ గదిని పుస్తకాల గది చేస్తారని, వేసవి సెలవుల తర్వాత లోయలోని బళ్ళన్నిటికీ పెద్ద వంటశాల నుంచి భోజనం బండ్లలో వస్తుందని మామూలుగా చెప్పేశాడు. పథకం రాసిన మిస్ ప్రాసర్ చాలా తెలివైనదని కూడా మెచ్చుకున్నాడు. తనకు టీ పోస్తున్న మనిషి ఇంటిపేరు కూడా ప్రాసరేనని పాపం అతనికి తెలియదు.

పోస్తున్న టీ కప్పు దాటి, సాసరు దాటి, బల్ల మీదంతా పారింది. పక్కనే కేరట్లు తరుగుతున్న తోటి వంటమనిషి గ్లెనిస్ పరుగున వచ్చి నెస్టా చేతిలోంచి కెటిల్ లాక్కోవలసి వచ్చింది.

పాంట్‌లాస్ ఊళ్ళో కూరగాయలమ్మే చివరి దుకాణం మూతబడి ఏళ్ళయింది. మిగిలింది వేపుళ్ళ కొట్టు, సిగరెట్లూ తీపి సోడాలూ అమ్మే కొట్టు. పచ్చి కూర కావాలంటే బస్సెక్కి కొండ దిగాలి. చేతిలో పసిబిడ్డ, తోపుడు బండి, ఎడతెగని వాన... ఏ తల్లి వెళ్తుంది? అందుకే నెస్టా ఐడ్రిస్ తోటలో పండిన క్యాబేజీలూ, లీక్ కాడలూ, బీన్సూ బడి వంటగదికి మోసుకొచ్చి పిల్లలకి వండిపెట్టేది. మిగిలినవి శుక్రవారం వంటగది వెనక తలుపు దగ్గర బుట్టల్లో పెట్టేది. కావలసిన తల్లులు ఎవర్నీ అడగకుండా తీసుకెళ్ళేవాళ్ళు. ఆ వంటగదిలో పిండి బస్తా మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తూ పెరిగిన పిల్ల లోవ్రి. అన్నం లేక ఏ పిల్లా నీరసించకూడదమ్మా, నేను అదే చదువుతాను అని పట్టుబట్టి, పోషకాహారం చదివి, కౌన్సిల్‌లో అధికారి అయింది. ఆ రోజు నెస్టా ఊరంతా తిరిగి చెప్పుకుంది. నా కూతురు, నా కూతురు అని!

ఆ కూతురే ఇప్పుడు తల వంచుకుని, "నాదే" అంది.

లోవ్రి చెప్పుకుపోయింది. కొండపైన బళ్ళలో అసలు వంటగదులే లేవట. అక్కడి పిల్లలకి మధ్యాహ్నం చిప్స్ పొట్లమే భోజనమట. ఒక్క వంటశాల పెడితే లోయంతటికీ వేడి భోజనం అందుతుందట. కానీ బడి వంటగదినీ, పెద్ద వంటశాలనీ కౌన్సిల్ రెండూ నడపనంటోందట. ఒక్క బడి పిల్లలు బాగా తింటే చాలదు కదమ్మా అంది.

నెస్టాకి ఆ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. అర్థమవుతూనే ఉన్నాయి. అదే ఆమెకి మరీ నరకంగా ఉంది. తప్పు పట్టడానికి లేదు! కొండమీది పిల్లలు తినొద్దని ఏ నోటితో అంటుంది? కానీ ఎన్ని గురువారాలు ఈ బల్ల దగ్గర కూర్చుంది ఇది! వచ్చే ఏడు పిల్లలకి చుక్కకూర కూరి రొట్టె కాలుస్తానే అని తను ముచ్చటగా చెబుతుంటే, నవ్వుతూ విన్నది కదా! బాగుంటుందమ్మా అన్నది కదా!

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"చలికాలం నుంచి."

"ఇన్నాళ్ళూ నా చేతి తిండి తింటూ..." నెస్టా వాక్యం పూర్తి చేయలేకపోయింది. అప్పుడామె చూపు అనుకోకుండా భర్త మీద పడింది. ఐడ్రిస్ ముఖంలో ఆశ్చర్యం లేదు. కోపం లేదు. అరిగిపోయిన తన చేతుల వైపే చూసుకుంటూ కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ముఖం చదవడానికి నెస్టాకి ఎంతసేపు పడుతుంది?

"నీకూ తెలుసా, ఐడ్రిస్?"

"అది నా చేతులు పట్టుకుని ఏడ్చింది నెస్టా. సమయం చూసి తానే చెప్పుకుంటానంది" అన్నాడు గొణుగుతున్నట్టు.

"మరి నా చేతులు నీకు గుర్తు రాలేదూ?"

నెస్టా అరవలేదు. గిన్నె తీసి పులుసు మళ్ళీ కుండలో పోసింది. లోవ్రి లేచి నిలబడి కోటు బొత్తాలు పెట్టుకుని వెళ్ళిపోయింది. తల్లి తలుపు దాకా వెళ్ళలేదు.

ఆ వేసవి ఆ ఇంట్లో ఎలా గడిచిందో గోడలకే తెలియాలి. ఐడ్రిస్ తోటలోంచి తెచ్చిన కూరగాయలు వెనక మెట్ల మీద పెట్టేవాడు. నెస్టా వాటిని ముట్టుకునేది కాదు. ఇరుగుపొరుగు వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు. లోవ్రి ఫోన్ చేస్తే ఐడ్రిస్ బయటికెళ్ళి మాట్లాడేవాడు. లోపల నెస్టా గిన్నెలు తోముతూ, కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతూ... ఇద్దరూ కలిసి తనను పరాయిదాన్ని చేశారే అని కుమిలిపోయేది. ఉద్యోగం పోయినందుకు కూడా అంత ఏడవలేదు. కన్నబిడ్డకీ కట్టుకున్నవాడికీ తను నిజం చెప్పదగని మనిషైపోయిందే! 

సెలవులయ్యి బడి మళ్ళీ తెరిచాక గ్లెనిస్ వచ్చింది. బడిలో భోజనం వడ్డించే పనిలో తను చేరిపోయానని, ఇంకొకటి ఖాళీగా ఉందని, నెస్టానీ రమ్మని అడిగింది. మూత అంటించిన ప్లాస్టిక్ పళ్ళేలు వేడిచేసి ఇవ్వడమే పని. నెస్టా ఒళ్ళు మండిపోయింది. తన వంటగదిని మింగిన తిండిని తన చేత్తోనే వడ్డించాలా? పొమ్మంది. గ్లెనిస్ గుమ్మం దాటుతూ ఒక్క మాట అంది.

"బెథన్ ఏమీ తినట్లేదే నెస్టా. పళ్ళెం మూత కూడా తియ్యట్లేదు."

బెథన్ అంటే సన్నగా, పుల్లలా ఉండే ఆరేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ రెండు చోట్ల పాచిపని చేసి అలసిపోయి వస్తుంది. సాయంత్రం ఆ ఇంట్లో దొరికేది బిస్కెట్లే. నెస్టా వంటగదిలో మాత్రం రెండోసారి అడిగి మరీ పెట్టించుకునేది. ఆ పిల్ల కళ్ళు నెస్టాని నిలవనివ్వలేదు. దానికి తోడు ఆ వారమే కొండమీద ఉండే ఆమె పినతల్లి కూతురు ప్రార్థనా మందిరం దగ్గర కనిపించి, మా మనవడు జీవితంలో మొదటిసారి బఠాణీలు తిన్నాడే, వేడి వేడి భోజనం వస్తోంది బడికి అని సంతోషంగా చెప్పింది.  నెస్టా ఇంటికి నడుస్తూ వానలో ఏడ్చింది. సోమవారం పొద్దున్నే జుట్టుకి వల కట్టుకుని బడికి వెళ్ళింది.

ఆ పళ్ళేల్లోని తిండి చప్పగా ఉండేది. కేరట్లన్నీ ఒకే కొలతలో ఉండేవి. నెస్టా ముఖంలో ఆ చిరాకు ఒక్కసారి కూడా కనిపించనివ్వలేదు. పిల్లల పక్కన చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చునేది. ఒకరికి బంగాళాదుంపని కొండలా పేర్చి, ఒకరి పళ్ళెంలో బఠాణీలను వరసలో నిలబెట్టి, ముందు తను ఒక చెంచా తిని చూపించి... కబుర్లు చెబుతూ తినిపించేది. బెథన్ మొదట మూత తీసింది. తర్వాత కేరట్ నాకి చూసింది. కొన్ని వారాలకి పళ్ళెం ఖాళీ చేసింది!

వసంతం వచ్చేసరికి కౌన్సిల్‌లో లోవ్రి పథకానికి మంచి పేరొచ్చింది. చాలా బళ్ళలో సగం తిండి చెత్తలోకి పోతోంది గానీ పాంట్‌లాస్ బడిలో మాత్రం పళ్ళేలు ఖాళీగా తిరిగొస్తున్నాయని అందరూ చెప్పుకున్నారు. ఇంత బాగా ఎందుకు నడుస్తోందో చూద్దామని లోవ్రి చెప్పకుండా వచ్చింది. తల్లి ఆ బడిలోనే పనిచేస్తోందని ఆమెకి తెలియదు. ఐడ్రిస్ ఈసారి నోరు విప్పలేదు మరి.

భోజనాల హాలు తలుపు దగ్గరే లోవ్రి కాళ్ళు ఆగిపోయాయి. అమ్మ నేలమీద మోకాళ్ళమీద ఉంది. ఒక పసిపిల్ల గడ్డం పట్టుకుని, "ఇంకొక్క ముద్ద తల్లీ... ఇది ఎవరు రాసిన భోజనం అనుకున్నావ్? మా అమ్మాయి! చాలా చదువుకుంది. నీకు బలం రావాలని ఎంతో ఆలోచించి రాసింది" అంటోంది. ఆ పిల్ల నోరు తెరిచింది.

లోవ్రి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

గంట కొట్టాక నెస్టా బయటికొచ్చేసరికి కూతురు ఆట స్థలం గోడ దగ్గర నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. నా పథకం గెలిచిందనుకున్నానమ్మా, గెలిచింది నువ్వని తెలియదు అంది. నెస్టా చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంది.

"నీ కోసం చెయ్యలేదు. ఆ పిల్లల కడుపు కోసం చేశాను" అంది. "నీ పథకం తప్పని నేననను. కొండమీద పిల్లలు తింటున్నారు. నాకు తెలుసు."

"చెబితే నువ్వు ఏడుస్తావని భయమేసిందమ్మా. నువ్వు ఏడిస్తే నా చెయ్యి ఆడదు. అందుకే..."

"ఏడ్చేదాన్నే. ఒక వారం ఏడ్చేదాన్ని. ఆ తర్వాత సరేలే, మూసెయ్యి అనేదాన్నేమో! నా వంటగది నా చేతులతో నీకిచ్చేదాన్నేమో..." అంది నెస్టా. "ఇవ్వనిచ్చావా నన్ను? దొంగలా తీసుకున్నావు కదే."

 లోవ్రి తల్లి భుజం మీద తల పెట్టబోయి, పెట్టొచ్చో లేదో తెలియక ఆగిపోయింది. నెస్టా ఆమెను దగ్గరికి తీసుకోలేదు. దూరంగా జరగనూ లేదు. వానకి తడిసిన కూతురి జుట్టు నుదుటి మీద పడుతుంటే మాత్రం, అలవాటైన చెయ్యి దానంతట అదే లేచి చెవి వెనక్కి సర్దింది.

ఆదివారం రావచ్చా అని లోవ్రి అడిగింది. ఏ వేళకొచ్చేదీ నాన్నతో మాట్లాడుకుంటాను అనబోయింది.

"నాన్నతో మాట్లాడుకుని రావద్దు" అంది నెస్టా. "నాకు ఫోన్ చెయ్యి. నాకే చెప్పి రా. నచ్చని మాటైనా సరే, నాకే చెప్పు."

"సరేనమ్మా."

నెస్టా తలూపి, బల్లలు తుడవడానికి లోపలికి వెళ్ళింది.