మలుగు గోడ దగ్గర రెండు చప్పుళ్ళు

జూనియాటా ఏటిలో మలుగు గోడకి మంచి పేరు లేదు. పూర్వం పాముల్లా పొడుగ్గా ఉండే మలుగు చేపల్ని పట్టడానికి ఏటి మధ్యలో రాళ్ళు పేర్చి కట్టిన గోడ అది. ఆనకట్టలు వచ్చాక మలుగులు రావడం మానేశాయి, గోడ మాత్రం మిగిలింది. పనిలేని గోడ కనిపిస్తే జనం ఊరుకుంటారా? దాని మీద ఓ దెయ్యాన్ని కూర్చోబెట్టారు.

ఆ దెయ్యం పేరు హార్లన్ ష్రోయర్.

బతికున్నన్నాళ్ళూ చేపలకి తప్ప ఎవరికీ హాని చెయ్యని మనిషి. ఆ గోడ పక్కనే మోకాలి లోతు నీళ్ళలో గాలం వేస్తూ, గుండె ఆగి కూలిపోయాడు. ఆ మరుసటి వేసవి నుంచి, చీకటి పడ్డాక అటు వెళ్ళినవాళ్ళకి ఒక చప్పుడు వినిపిస్తోందట.

గుబుక్... గుబుక్...

ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. ఇక రాదులే అని వినేవాడు ఊపిరి వదిలే సమయానికి — మళ్ళీ గుబుక్... గుబుక్.

అదేమిటో ఆ ఏటివాళ్ళకి చెప్పక్కర్లేదు. మూతి గుంటగా చెక్కిన చెక్కచేప నీటిమీద తేలుతూ, దారం లాగినప్పుడల్లా నీళ్ళు మింగినట్టు చేసే చప్పుడు. ఎర్రకళ్ళ స్మాల్‌మౌత్ బాస్ చేపని అడుగు నుంచి పైకి రప్పించే చప్పుడు. ఎవరి నడక వారిదైనట్టే ఎవరి లాగుడు వారిది. రెండు చప్పుళ్ళు, ఆపైన అంత పొడుగు మౌనం... అది హార్లన్ లాగుడే.

"చచ్చినా గాలం వదల్లేదు పాపం," అని ఎర్ల్ సెలూన్‌లో తేల్చేశారు.

సగం గీసిన గడ్డంతో కుర్చీలోంచి లేచాడు హార్లన్ అన్న లూథర్.

"సిగ్గులేదురా మీకు? మా తమ్ముడు రెండుసార్లు లాగితే, పక్కూరు వెళ్ళొచ్చేదాకా ఆగేవాడు. చేపలు ఆవులించేవి. బతికున్నప్పుడే అంత బద్ధకస్తుడు, చచ్చాక రాత్రిపూట డ్యూటీ చేస్తాడా?"

"అయితే నువ్వే వెళ్ళి చూడు," అన్నాడు ఎర్ల్ కత్తి తుడుస్తూ. "పగలు కాదు."

"వెళ్తా. తోడు రావడానికి మీలో ఎవడికైనా కాళ్ళున్నాయేమో చూసుకోండి."

ఎవరికీ లేవు. అందరికీ ఆ సాయంత్రమే పనులు పుట్టుకొచ్చాయి.

లూథర్ వెక్కిరించని మనిషి ఆ చుట్టుపక్కల లేడు. ఖరీదైన పడవల్లో వచ్చేవాళ్ళని, గాలానికి రబ్బరు వానపాములు గుచ్చేవాళ్ళని దులిపేసేవాడు. అందరికంటే ఎక్కువగా తమ్ముణ్ణి. నలభై వేసవులు ఇద్దరూ పక్కపక్కనే నిలబడి గాలాలు వేశారు. లూథర్ తన చెక్కచేపని గుబగుబలాడిస్తూ పరుగెత్తించేవాడు. "ఆగు లూథర్... వలయాలు చెరిగిపోనీ," అనేవాడు హార్లన్. ఆగితే లూథర్ ఎందుకవుతాడు?

ఇప్పుడు ఆ తమ్ముడి పేరు చెప్పి తల్లులు పిల్లల్ని భయపెట్టి పడుకోబెడుతున్నారు. అది లూథర్‌కి ఒళ్ళు మండించింది. హార్లన్ భార్య వెర్నా ఏటి ఒడ్డునే ఒంటరిగా ఉంటుంది కదా అని, నీకేమైనా వినిపిస్తోందా అని వెళ్ళి అడిగాడు. "నాకు చెవులు సరిగా పనిచెయ్యవు," అని తలుపు వేసేసింది.

ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటుంది. ఒకవేళ నిజమేనేమో అనుకున్నప్పుడల్లా లూథర్‌కి భయం వెయ్యలేదు. నిజమైతే బాగుండుననిపించింది.

ఆ రాత్రి బీట్‌రూట్ పులుసులో ఊరిన గుడ్లు రెండు మింగి, చేతికర్రతో ఏట్లోకి దిగాడు. పొగమంచు నీటిమీద పరుచుకుని ఉంది. కాలికేదో చల్లగా చుట్టుకుంది... నాచు. "థూ," అన్నాడు నాచుని.

గోడ ఈ చివర రాయికి చేరగిలబడ్డాడు. ఏమీ లేదు. కప్పలు. నీటి సవ్వడి. ఎర్ల్‌ని రేపు ఏమని వెక్కిరించాలో మాటలు కూర్చుకుంటున్నాడు —

గుబుక్... గుబుక్...

చేతికర్ర రాయికి ఆనించి చెవి అటు పెట్టాడు.

మౌనం. అదే మౌనం. నలభై ఏళ్ళు తను తిట్టిపోసిన మౌనం. అనుమానం పెనుభూతం అని ఊరందరికీ నీతులు చెప్పిన నోరు ఎండిపోయింది.

గుబుక్... గుబుక్...

గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేశాడు. పొగమంచులో ఒక ఆకారం. తలమీద హార్లన్ టోపీ. అంచు విరిగిన ఆ టోపీని లూథర్ ఎక్కడైనా గుర్తుపడతాడు.

"హార్లన్..." అన్నాడు గుసగుసగా. "ఒరేయ్... నువ్వేనా?"

ఆకారం కదల్లేదు.

"నువ్వు లేక... తిట్టడానికి ఎవరూ దొరకడం లేదురా..."

ఢభేల్‌మని నీళ్ళు పగిలాయి. లూథర్ పైప్రాణాలు పైనే పోయాయి. ఆకారం మెల్లగా ఇటు తిరిగింది.

"నోరు ముయ్యి లూథర్. చేపని బెదరగొట్టావు."

వెర్నా. మొగుడి రబ్బరు ప్యాంటు చంకల దాకా లాక్కుని తాడుతో బిగించుకుంది.

లూథర్ రాయి మీద కూలబడ్డాడు. దెయ్యం కాదు కదా, ప్రాణం లేచిరావాలి. రాలేదు. తమ్ముడు రెండోసారి చచ్చిపోయినట్టనిపించింది.

"నీకేమైనా మతి పోయిందా? ఈ వేళప్పుడు ఇక్కడేం చేస్తున్నావు?"

"నలభై వేసవులు... ఒక్క సాయంత్రం ఇంటిపట్టున ఉన్నాడా ఆయన? ఈ మురికినీళ్ళలో ఏముందో చూద్దామని వచ్చా."

"చూశావా?"

"ఏమీ లేదు. అందుకే రేపూ వస్తా."

దారం చుట్టి చెక్కచేపని పైకెత్తింది. దానికి ఒక్క కొక్కెం కూడా లేదు.

"పీకేశా," అంది వెర్నా. "నలభై ఏళ్ళు మీరు తెచ్చిన చేపలకి పొలుసులు గీకాను, చాలదూ? వస్తాయి, కొరుకుతాయి, ఉమ్మేసి పోతాయి."

"ఊళ్ళో నిన్ను దెయ్యమంటున్నారు."

"అననీ. మనిషినని తెలిస్తే జాలిపడటానికి వస్తారు. ఎర్ల్ పెళ్ళాం మళ్ళీ ఆ ఉడికీ ఉడకని నూడుల్స్ గిన్నె పట్టుకుని దిగుతుంది." ఆమె గొంతు తగ్గింది. "ఇన్నేళ్ళూ కిటికీలోంచి విన్న ఈ చప్పుడొక్కటే నాకు మిగిలింది లూథర్. దీన్ని కూడా పరామర్శలతో పాడుచెయ్యనివ్వకు."

ఆమె గాలపుకర్ర అతని చేతికిచ్చింది.

విసిరాడు. లాగాడు. గుబుక్, గుబుక్. చెయ్యి దురద పెట్టింది, మళ్ళీ లాగబోయాడు.

"ఆగు. వలయాలు చెరిగిపోనీ."

ఆగాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆగాడు. వలయాలు పెద్దవై, పలచబడి, పొగమంచు కిందికి పోయాయి. నీరు అద్దమైంది. ఇంకా ఆగాడు.

నీరు పగిలింది. కంచురంగు ఒళ్ళు ఒక్కసారి గాలిలోకి లేచి, చెక్కచేపని ఉమ్మేసి మునిగింది. ఆ బరువు లూథర్ మణికట్టులో ఉండిపోయింది.

"బద్ధకస్తుడు," అన్నాడు లూథర్. కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు సెలూన్ కిటకిటలాడింది.

"ఏరా, ఉందా?" అన్నాడు ఎర్ల్.

"ఉంది."

కత్తెరలు ఆగాయి.

"వాడి టోపీయే పెట్టుకుంది. నాతో మాట్లాడింది కూడా."

"ఏ... ఏమంది?"

"నోరు ముయ్యమంది."

ఒక్కడూ నవ్వలేదు. పిరికి సన్నాసులు, అనుకుని లూథర్ మిగిలిన సగం గడ్డానికి కుర్చీలో హాయిగా కూర్చున్నాడు.

ఈ వేసవిలో మలుగు గోడ పేరు ఇంకా చెడింది. ఇప్పుడు అక్కడ రెండు దెయ్యాలున్నాయట. ఒకటి ఓపిక గలది... గుబుక్, గుబుక్, ఆపైన మౌనం. రెండోదానికి మహా తొందర, గుబగుబమని లాగేస్తుందట. అప్పుడు చీకట్లో మొదటిది రెండోదాన్ని తిట్టడం చెవులారా విన్నామని ఒట్టేసి మరీ చెబుతున్నారు.